సోర్స్ నుంచి పైథాన్ నిర్మాణం: లింకర్ ఆప్షన్లు

పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను సి సోర్స్ నుంచి సొంతంగా బిల్డ్ చేసుకునేటప్పుడు, ఆబ్జెక్ట్ ఫైళ్లను లైబ్రరీలతో కలిపే లింకర్‌కు అదనపు సూచనలు ఇచ్చే పద్ధతి. లైబ్రరీలను ఎక్కడ వెతకాలి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అన్నవి ఆ సూచనల్లో ముఖ్యమైనవి.

ఈ అలవాటు పైథాన్ కన్నా పాతది. యూనిక్స్ లింకర్ ఎల్‌డీ 1971 నాటి తొలి మాన్యువల్‌లోనే ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే బిల్డ్ సాధనాన్ని రాశారు. ఆప్షన్లను మేక్‌ఫైల్ వేరియబుల్స్‌లో పెట్టడం ఆ తర్వాత రివాజైంది. లింకర్ వంతుకు వచ్చింది ఎల్‌డీఫ్లాగ్స్. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ పుణ్యమా అని మేక్‌ఫైల్ ముట్టుకోకుండా, కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కే ఆ విలువ ఇస్తే సరిపోయింది. పైథాన్ తొలి విడుదల కూడా ఆ ఏడాదే; తర్వాత అదీ ఆటోకాన్ఫ్ దారి పట్టింది.

అసలు తంటా షేర్డ్ లైబ్రరీతో వస్తుంది. ఎనేబుల్-షేర్డ్ ఆప్షన్‌తో పైథాన్‌ను సిస్టమ్ వెతకని డైరెక్టరీలో పెడితే, బిల్డ్ సజావుగా ముగుస్తుంది; నడపబోతే మాత్రం ఆ షేర్డ్ లైబ్రరీ, లిబ్‌పైథాన్, దొరకలేదని లోడర్ మొరాయిస్తుంది. విరుగుడు ఎల్‌డీఫ్లాగ్స్‌లో ఇచ్చే ఆర్‌పాత్: లైబ్రరీ ఉన్న దారిని బైనరీలోనే రాసిపెట్టడం. ఇన్‌స్టాల్ చేసిన చోటునుంచి కదిపినా పనిచేయాలంటే బైనరీ ఉన్న డైరెక్టరీని సూచించే, డాలర్ గుర్తుతో మొదలయ్యే ఆరిజిన్ అనే సంకేతం వాడతారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డాలర్‌ను, దాని పక్కనున్న ఒక్క అక్షరాన్ని మేక్ తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. రీడెల్ఫ్ అనే సాధనంతో బైనరీని చూస్తే 'రిజిన్' అని మిగిలి ఉంటుంది. డాలర్‌ను రెండుసార్లు రాస్తే మేక్‌ను దాటుతుంది, ఆపైన షెల్ కాచుకుని ఉంటుంది కాబట్టి దానికీ ఒక బ్యాక్‌స్లాష్ తగిలించాలి.

లైబ్రరీల పేర్లను మాత్రం ఎల్‌డీఫ్లాగ్స్‌లో ఇరికించకూడదు. అది ఆబ్జెక్ట్ ఫైళ్ల కన్నా ముందు వస్తుంది. లింకర్ వరుసగా చదువుతుంది కనుక అప్పటికి అవసరం కనిపించని లైబ్రరీని వదిలేయవచ్చు. వాటికి లిబ్స్ అనే వేరియబుల్ వేరే ఉంది.

ఇచ్చిన ఆప్షన్లు ఇంటర్‌ప్రెటర్‌తో ఆగిపోవు. 2000లో పైథాన్‌తోపాటే రావడం మొదలైన డిస్టుటిల్స్, ఇన్‌స్టాలైన మేక్‌ఫైల్ చదివి అవే ఆప్షన్లతో సి ఎక్స్‌టెన్షన్లను బిల్డ్ చేసేది. పైథాన్ కోసం వాడిన లింక్-టైమ్ ఆప్టిమైజేషన్ ఫ్లాగ్‌లు ఇలా మూడోవాళ్ల మాడ్యూళ్లలోకి చొరబడ్డాయి. దీన్ని అరికట్టడానికి పైథాన్ 3.8 నాటికి ఎల్‌డీఫ్లాగ్స్-నోడిస్ట్ వచ్చింది. అందులో పెట్టినవి పైథాన్ బిల్డ్‌కే పరిమితం. ఇన్నేళ్లు పట్టాల్సిన మార్పేమీ కాదిది.

2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 లేదా అంతకన్నా కొత్తది ఉండాలని షరతు పెట్టింది. పాత లినక్స్ సర్వర్లలో ఆ లైబ్రరీని వేరే చోట పెట్టుకోక తప్పలేదు. అందుకని అదే వెర్షన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్ అనే ప్రత్యేక కాన్ఫిగర్ ఆప్షన్ చేర్చారు. ఆ దారి ఎస్‌ఎస్‌ఎల్, హ్యాష్‌లిబ్ మాడ్యూళ్లకే అంటుతుంది, మిగతా ఇంటర్‌ప్రెటర్‌కు కాదు.