మసకతో వచ్చిన పదును

స్కూలు వార్షికోత్సవంలో మీరు తీసిన ఫోటో కంప్యూటర్ తెరపై చక్కగా కనిపిస్తుంది. దానినే పెద్ద కాన్వాస్ గుడ్డపై ముద్రిస్తే అంచులు మెత్తబడి మసకబారినట్లుంటాయి. ముద్రణకు ముందు ఫోటోను 'షార్పెన్' చేయాలని, అంటే పదును పెట్టాలని అంటారు. మరి ఈ పదునుతో కొత్త వివరాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్కడి నుంచీ రావు! అదెలాగో తెలియాలంటే కంప్యూటర్లు పుట్టకముందటి చీకటి గదిలోకి వెళ్ళాలి.

1930లలో జర్మనీలో ఒక చిత్రమైన పద్ధతి వాడుకలోకి వచ్చింది. నెగెటివ్ నుంచి, కావాలనే మసకగా ఉండే పాజిటివ్‌ను మరో ఫిల్మ్‌పై తయారు చేసేవారు. తర్వాత ఆ రెండింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి ఫోటో ముద్రించేవారు. ఒకదానిలో నల్లగా ఉన్నచోట రెండవదానిలో తెల్లగా ఉంటుంది కనుక, విశాలమైన వెలుగునీడల తేడా తగ్గుతుంది. సన్నని అంచులు మసక ఫిల్మ్‌లో లేవు కనుక అవి తగ్గవు, స్ఫుటంగా మిగులుతాయి. దీనికే 'అన్‌షార్ప్ మాస్క్', అంటే 'మసక ముసుగు' అని పేరు.

అంచులు స్ఫుటమైతే చాలు, బొమ్మంతా స్పష్టంగా ఉందని మన కన్ను అనుకుంటుంది. వెలుగు మారే సరిహద్దుల్లో, నిజంగా లేని తెల్లని, నల్లని పట్టీలు కంటికి కనిపిస్తాయని ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లోనే వివరించాడు. అంచులను ఎక్కువ చేసి చూడడం కంటికి సహజ గుణమన్నమాట.

1970లలో ఆంగ్లో-ఆస్ట్రేలియన్ అబ్జర్వేటరీలో డేవిడ్ మాలిన్ ఈ ముసుగును నక్షత్ర లోకానికి తీసుకువెళ్ళాడు. ఇటువంటి చీకటి గది పద్ధతులతో ఆయన, డేవిడ్ కార్టర్ కలిసి కొన్ని దీర్ఘవృత్తాకార గెలాక్సీల చుట్టూ అతి పలచని పొరలున్నాయని 1980లో ప్రకటించారు. ఆ పొరలను ముసుగు సృష్టించలేదు. ఫోటో పలకలో అప్పటికే నమోదై ఉన్నవాటినే బయటపెట్టింది.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ బృందం తన కుమారుడి ఫోటోను 176 × 176 చుక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ చుక్కలే పిక్సెల్‌లు. బొమ్మ అంకెలుగా మారాక ముసుగు కూడా లెక్కగా మారింది. మీరే చేసి చూడండి. ఒక వరుసలో పిక్సెల్‌ల వెలుగు 100, 100, 100, 160, 160, 160 అనుకోండి. ప్రతిదానినీ ఇరుగుపొరుగులతో కలిపి సగటు తీస్తే మసక వరుస వస్తుంది: 100, 100, 120, 140, 160, 160. అసలు నుంచి దీనిని తీసివేసి, వచ్చిన తేడాను అసలుకు కలపండి. 100, 100, 80, 180, 160, 160 వస్తాయి. అంచు దగ్గర 60 ఉన్న తేడా 100 అయింది!

ఇక కాన్వాస్ సంగతి. 4000 × 3000 పిక్సెల్‌ల ఫోటోను 40 × 30 అంగుళాలకు పెంచితే అంగుళానికి 100 పిక్సెల్‌లు వస్తాయి. అంటే ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు. రెండు మీటర్ల దూరం నుంచి మామూలు కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 0.6 మిల్లీమీటర్లు. కాబట్టి పిక్సెల్‌లు చాలతాయి. కాని గుడ్డ నేతలో సన్నని వివరాలు కలిసిపోతాయి. అందుకే నున్నని కాగితం కంటే కాన్వాస్‌కు పదును కాస్త ఎక్కువ కావాలి. ముందు ఫోటోను అసలు కొలతకు పెంచి, చివరగా పదును పెట్టాలి. ఎందుకంటే ముందే పెడితే అంచుల చుట్టూ ఏర్పడే తెల్లని గీత కూడా ఫోటోతో పాటు పెరుగుతుంది. పదును పెట్టేది నకలుకే. అసలు ఫైలును ముట్టుకోవద్దు. చట్రం అంచులకు మడిచే భాగం కోసం చుట్టూ చోటు వదలడం మరవకండి.

ఈ రోజుల్లో కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు లేని కనురెప్పలను కూడా ఊహించి గీస్తున్నాయి. మీ తాతగారి చిన్న పాత ఫోటోను పెద్దది చేయించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ముసుగు ఉన్నదానినే ఎత్తి చూపుతుంది. ఊహ లేనిదానిని చేరుస్తుంది. అప్పుడు గోడమీద అందమైన ముఖమే ఉండవచ్చు, కాని అది తాతగారిదేనా?