డైరెక్టరీ చదివిన దయ్యం

బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'లో రక్తం పీల్చే ప్రభువుకు సొంత లైబ్రరీ ఉంది. ట్రాన్సిల్వేనియా కొండల మీది కోటలో ఆ గది నిండా ఇంగ్లిష్ పుస్తకాలే. లండన్ డైరెక్టరీ, విటేకర్స్ అల్మనాక్, సైనికాధికారుల జాబితాలు, ఆఖరికి లాయర్ల జాబితా కూడా! లండన్ వీధిలో తన మాట విని ఎవరూ పరాయివాడని గుర్తుపట్టకూడదట. ఊరు మారడానికి ఇంత కసరత్తు చేసిన దయ్యం మరొకటి ఉందా అంటే అనుమానమే.

ఈ చదువు పిచ్చి అసలు స్టోకర్‌ది. 1847లో డబ్లిన్‌లో పుట్టి, అక్కడే ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి, కోర్టు గుమాస్తాల విధుల మీద ఒక పుస్తకం కూడా రాశాడు. 1878 చివర్లో లండన్ వచ్చి, నటుడు హెన్రీ ఇర్వింగ్ నడిపే లైసియం థియేటర్‌కు మేనేజర్ అయ్యాడు. పొద్దస్తమానం లెక్కలు, ఉత్తరాలు, ఇర్వింగ్ గారి ముచ్చట్లు. మిగిలిన సమయంలో రాత.

ట్రాన్సిల్వేనియాలో ఆయన అడుగుపెట్టనే లేదు. డ్రాకులా అనే పేరు 1890 వేసవిలో విట్బీ రేవు పట్నం లైబ్రరీలో, విలియం విల్కిన్సన్ రాసిన ఒక చరిత్ర పుస్తకంలో దొరికింది. అదే ఏడాది సెయింట్ జేమ్స్ స్క్వేర్‌లోని లండన్ లైబ్రరీలో సభ్యుడయ్యాడు. 2018లో అక్కడి ఉద్యోగి ఒకరు స్టోకర్ నోట్సును దగ్గర పెట్టుకుని అల్మారాలు వెతికితే, నోట్సుతో సరిపోయే గుర్తులున్న పుస్తకాలు 26 తేలాయి. బేరింగ్-గూల్డ్ రాసిన తోడేలు మనుషుల పుస్తకం అందులో ఒకటి. మార్జిన్లలో అడ్డగీతలు, ఇంటూ మార్కులు, మడిచిన పేజీల మూలలు. లైబ్రరీ పుస్తకాల్లో గీతలు గీసేవాళ్లను ఎంత తిట్టుకున్నా, ఈ ఒక్కడిని వదిలేయాల్సిందే.

అయితే భయాన్ని లండన్‌కు తెచ్చింది స్టోకర్ కాదు. 1764 నాటి హొరేస్ వాల్పోల్ నవలలో అది ఇటలీ కోటలో ఉండేది. 1840ల్లో పెన్నీకి ఒక భాగం చొప్పున అమ్మిన చవక సీరియళ్లు దాన్ని వీధిలోకి దించాయి. ఫ్లీట్ స్ట్రీట్ మంగలి స్వీనీ టాడ్ క్షవరానికి వచ్చినవాళ్లను చంపడం, వాళ్ల మాంసం దగ్గర్లోని కొట్లో మీట్ పైలుగా అమ్ముడుపోవడం అలాంటి సీరియల్లోదే. పెన్నీ పెట్టి అది చదివిన కూలివాడు మర్నాడు నడవాల్సింది ఆ వీధుల్లోనే.

1886లో స్టీవెన్సన్ 'జెకిల్ అండ్ హైడ్' వచ్చింది. వెల షిల్లింగ్. ఆరు నెలల్లో దాదాపు 40,000 కాపీలు పోయాయి. 1888 ఆగస్టులో దాన్ని నాటకంగా వేసింది లైసియంలోనే. రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ ప్రేక్షకుల కళ్లెదుటే పెద్దమనిషి నుంచి రాక్షసుడిగా మారేవాడు. నెల తిరక్కుండా లండన్‌లోని వైట్‌చాపెల్‌లో హత్యలు మొదలయ్యాయి. హంతకుడు ఆ నటుడేనని పోలీసులకు ఒక ఉత్తరం కూడా వెళ్లింది! కల్పనకూ పేపర్ వార్తకూ మధ్య గోడ కూలడం ఆ థియేటర్ మేనేజర్ దగ్గరుండి చూశాడు.

అందుకే కాబోలు, 1897 మే నెలలో వచ్చిన 'డ్రాకులా'లో దయ్యానికి చిరునామాలున్నాయి. మట్టి నింపిన 50 పెట్టెలతో దిగిన ప్రభువు పికడిలీలో 347వ నంబరు ఇల్లు కొంటాడు. ఆరు పెట్టెలు మైల్ ఎండ్ వైపు, ఆరు బెర్మండ్సీకి. నవలలోని కుర్ర లాయరు హార్కర్ వాటి ఆచూకీ పట్టింది మంత్రాలతో కాదు, రవాణా కంపెనీ కాగితాలతో, బండివాళ్ల చేతిలో చిల్లర పెట్టి రాబట్టిన కబుర్లతో. అతని భార్య మీనా అన్నిటినీ టైపు కొట్టి ఫైలు చేస్తుంది. గుమాస్తాగిరీ చేసినవాడు రాసిన నవల ఇలాగే ఉంటుంది మరి. కోట అధ్యాయాలను అందరూ పొగుడుతారు గానీ, నిజంగా వణుకు పుట్టించేది ఈ పెట్టెల లెక్కే.

స్టోకర్ 1912లో పోయాడు. మరుసటి ఏడాది సోత్‌బీస్ వేలంలో 'డ్రాకులా' నోట్సు రెండు పౌండ్ల రెండు షిల్లింగులు పలికింది. ఇప్పుడది ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉంది.