హిరేగుడ్డపై రాతిగొడ్డళ్ల కర్మశాల

దేవాలయముల చరిత్ర వ్రాయువారు స్తంభముల సంఖ్యను, శాసనముల కాలమును, కట్టించిన ప్రభువుల వంశావళిని మిక్కిలి శ్రద్ధతో సేకరింతురు గాని, ఆ స్తంభములకు రాయి ఏ కొండనుండి వచ్చెను, దానిని విడదీసినవారెవరు అను ప్రశ్నను తరచుగా దాటిపోవుదురు. ఇందుకు వారిని నిందింపనక్కరలేదు; రాయి కొట్టినవాడు తన పేర శాసనము వేయించుకొనలేదు. అతని పనికి సాక్ష్యము కొండవాలున మిగిలిన పెచ్చులయందును, సగములో విరిగి పారవేయబడిన ముక్కలయందును నిలిచియున్నది. దేవాలయములకు ఎంతో ముందటి రాతిపనికి అట్టి సాక్ష్యము విస్తారముగా దొరకు తావులలో బళ్లారికి ఈశాన్యమున, కొద్ది మైళ్ల దూరములో, సంగనకల్లు, కుప్‌గల్ గ్రామముల నడుమనున్న కొండలగుంపు ఒకటి.

బళ్లారి నేడు కర్ణాటకములోనిది. అయినను దత్తమండలముల చరిత్రనెరిగిన తెలుగు పాఠకునకు అది పరాయి సీమ కాదు. 1882 వరకు అనంతపురము ఆ జిల్లాలోని భాగమే. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చెను, బళ్లారి అటు పోయెను. కొండలు మాత్రము ఈ పంపకములనెరుగవు. ఎరుపు కలిసిన బూడిదవన్నె గ్రానైటు గుండ్లు ఒకదానిపైనొకటి పేర్చినట్లుండుట రాయలసీమలో ఎల్లెడల చూచునదియే. హిరేగుడ్డ అను పెద్దకొండకు గల విశేషమేమనగా, దాని గ్రానైటును చీల్చుకొని డోలరైటు అను నల్లని, సన్నని రేణువుల రాయి అడ్డుగోడవలె కొండకు అడ్డముగా పోవుచున్నది. భూగర్భమున కరిగిన ద్రవము పగుళ్లలోనికెక్కి ఘనీభవించుటచే ఇట్టి గోడలేర్పడును. గ్రానైటు కొట్టిన రవ్వలుగా రాలును. ఈ నల్లరాయి కొట్టిన వాడియైన అంచుతో పెచ్చులూడును, సానబట్టిన అద్దమువలె నునుపెక్కును. లోహమునెరుగని మానవుడు గొడ్డలికై వెదకిన గుణములివియే.

ఈ కొండను శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చిన ఘనత రాబర్టు బ్రూస్ ఫుట్‌ది. 1863లో మద్రాసు చెంత పల్లవరమున మొదటి ప్రాచీన శిలాయుధమును కనుగొన్న ఈ భూగర్భశాస్త్రజ్ఞుడు, బళ్లారి సీమను పరిశీలించునపుడు ఇచట గొడ్డళ్లనే గాక గొడ్డళ్లు చేసిన కర్మశాలనే చూచెను. ఆయన బళ్లారి భూగర్భశాస్త్ర గ్రంథము 1895లో వెలువడెను. ఆయన సేకరించిన శిలాయుధములు 1904లో మద్రాసు మ్యూజియమునకు చేరెను. తరువాత పూనా డెక్కన్ కళాశాలనుండి వచ్చిన బెండపూడి సుబ్బారావు సంగనకల్లున త్రవ్వకములు జరిపి, ఆ సీమ శిలాయుగ సంస్కృతులపై 1948లో గ్రంథము ప్రకటించెను. మన పాఠ్యపుస్తకములలో ఆయన పేరు ఇంతకంటె తరచుగా కనబడవలసియున్నది. ఇటీవలి కాలమున రవి కోరిశెట్టర్, నికోల్ బోవిన్, డోరియన్ ఫుల్లర్ మొదలగువారు కొండలన్నింటిని మరల శోధించిరి.

పనివాడు చేసినదేమో అచటి రాళ్లే చెప్పును. మొదట నల్లరాతి గోడనుండి చేతికనువగు దిమ్మను ఎన్నుకొని, గుండ్రాతితో రెండు ప్రక్కలను కొట్టి పెచ్చులూడదీసి గొడ్డలి ఆకారమునకు తెచ్చుచుండెను. పిదప మిగిలిన మిట్టలను చిన్న చిన్న దెబ్బలతో పొడిచి అణచుచుండెను. కడపట గ్రానైటు బండపై నీరును ఇసుకయు చేర్చి అంచు పదునెక్కువరకు రాచుచుండెను. ఆ రాపిడిచే బండలపై దోనెవంటి నిడుపైన పల్లములేర్పడినవి. వానిలో వ్రేలుంచి నడిపినచో చుట్టునున్న గరుకు గ్రానైటు నడుమ ఆ నునుపు నేటికిని తెలియును. పెచ్చుల కుప్పలలో నడుమ విరిగిన ముక్కలు దొరకుచుండును. ఒకవైపు చక్కగా తీర్చబడి, రెండవవైపు ఒక్క దెబ్బ లోతుగా దిగి అడ్డముగా తెగిన అట్టి ముక్కను చేతబట్టినపుడు, ఆ పనివాడు దానిని విసిరివేసిన క్షణము మూడు వేల యేండ్ల వెనుకటిదని తోపదు. పూర్తియైన గొడ్డలి వాడుకకై కొండ దిగి పోయెను. చెడిపోయినదే ఉన్నచోట ఉండిపోయెను గనుక, ఈ పని చరిత్రకు చెడిన వస్తువే మేలైన ఆధారము.

ఈ గొడ్డళ్లు చేసి, అదే గుంపులోని సన్నరాచమ్మ కొండపైనను హిరేగుడ్డపైనను నివసించిన జనులు నవీనశిలాయుగమువారు. పశువులను మేపిరి, ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు పండించిరి. ఉలవచారు రుచి యెరిగినవారు ఆ వంటయింటిని పూర్తిగా పరాయిదనుకొనలేరు. వారు పేడను కుప్పలుగా పోసి కాల్చగా మిగిలిన బూడిదదిబ్బలు కుప్‌గల్ చెంతనే గాక, అనంతపురము జిల్లా పాల్వాయిలోను, పూర్వపు మహబూబునగరము జిల్లా ఉట్నూరులోను కలవు. భీముడు చంపిన హిడింబాసురుని కాల్చిన బూడిదయే ఆ దిబ్బలని బళ్లారి ప్రాంత జనులు చెప్పుకొనిన కథ పందొమ్మిదవ శతాబ్దిననే వ్రాతకెక్కినది. గొడ్డళ్ల తయారీ అన్నివేళల ఒకే తీరున సాగలేదు. క్రీస్తు పూర్వము 1400-1200 ప్రాంతమున హిరేగుడ్డపై పని విస్తారముగా పెరిగినట్లు పరిశోధకులు నిర్ణయించిరి. ఇంటి అవసరమునకు మించి చేసినపుడు దానిని ఇతరులకిచ్చి వేరొకటి పుచ్చుకొనుట సహజము గనుక, ఇచట ఒక వృత్తి పుట్టుకను చూచుచున్నామని నా నమ్మకము.

ఆ నల్లగుండ్లు పనిముట్లకే పరిమితము కాలేదు. వానిపై మూపురములు, వంపు తిరిగిన దీర్ఘశృంగములుగల ఎద్దుల రూపములను, మనుష్యుల రూపములను పొడిచి చెక్కిరి. ఫాసెట్టు అను ఆంగ్లేయుడు 1892లో వీనిని గూర్చి వ్రాసెను. కొన్ని గుండ్లు కొట్టినపుడు కంచువలె మ్రోగును. దెబ్బలచే వానిపై గుంటలు పడియున్నవి. గొడ్డలికై రాతిని కొట్టువానికి దాని నాదము తెలియుట వింత కాదు. మంచి బండను మ్రోతచే గుర్తించుట మన వడ్డెరలు, కాసెపనివారు నేటికిని ఎరిగినదే.

నూనెవన్నె తిరిగిన ఈ పాతగొడ్డళ్లను పొలములలో దొరకినపుడు తెచ్చి, గ్రామదేవతల గుళ్లలో లింగములుగా నిలిపి పసుపుకుంకుమలతో పూజించుట దక్షిణాపథమున పలుచోట్ల కలదు. చేసినవారిని మరచిన జనులు చేసిన వస్తువును గౌరవించుచునే యుండిరి. మొదట ప్రస్తావించిన దేవాలయముల రాతి విషయమునకు వచ్చినచో, విజయనగర కాలపు రాతిపని గురుతులు వేరు. హంపి పరిసరముల బండలపై వరుసగా తొలిచిన నలుచదరపు గుంతలు కనబడును. వానిలో ఎండుకొయ్య మేకులు దిగగొట్టి, నీరు పోసి, ఉబ్బించి బండను చీల్చిరని సాధారణముగా చెప్పుదురు. ఇనుప చీలలకును ఇందు పాలు లేకపోదని నా తలంపు.

ఇంతకాలము నిలిచిన సాక్ష్యము ఇపుడు రాతిపని చేతనే నశింపనున్నది. కుప్‌గల్ కొండపై, అనగా హిరేగుడ్డపై, వ్యాపారపు క్వారీలు సాగి కొంత భాగము చెదరినదని 2004లోనే బోవిన్ హెచ్చరించెను. పూర్వుడు చేతితో తీసికొనినది కొండ రూపును మార్చలేదు. నేటి మందుగుండును కంకర యంత్రమును కొండనే తీసికొనిపోవును. ఊరికి కంకర వలదని ఎవరును అనరు, కూలివాని కడుపుకొట్టుటయు తగదు. రాయలసీమలోను, తెలంగాణమునందును ఇట్టి నల్లరాతి గోడలు, పెచ్చుల కుప్పలు, రాపిడి పల్లములుగల గుట్టలు ఇంకను ఉండవచ్చును. వానికి ఏ పట్టికలోను పేరులేదు. కావున క్వారీ గుత్త మంజూరగుటకు ముందు ఆ గుట్టను పురావస్తుశాఖవారు ఒక్కసారి నడిచి చూడవలయునను నియమమును పెట్టుడని ఉభయరాష్ట్రముల ప్రభుత్వములను కోరుచున్నాను. పాఠకులును తమ యూరి గుట్టపై అట్టి నునుపు పల్లమును గాని, విరిగిన నల్లగొడ్డలిని గాని చూచినచో, దానిని ఇంటికి తేక ఉన్నచోటనే ఉంచి, చిత్రము తీసి సమీపపు మ్యూజియమువారికి తెలుపుడు.