పాత కారు చెప్పిన పాఠము



నర్సీపట్నమున మా యింటి పాకలో మా తండ్రిగారి నాటి అంబాసిడర్ కారు కలదు. దాని సీట్లు చినిగిపోగా, నేనే బాగుచేయ బూనితిని.

ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని, హిందుస్థాన్ మోటార్సువారు కోల్‌కతా చెంతనున్న ఉత్తరపారాలో 1957లో ఈ కారు నిర్మాణము మొదలిడిరి. 2014లో అది నిలిచిపోయెను. తొలినాళ్ల బండ్లకు గేరు కఱ్ఱ స్టీరింగు స్తంభమునకే యుండెడిది. కావున ముందుసీటు బల్లవలె ఏకముగా నమరినది. డ్రైవరు ప్రక్కన ఇద్దఱేసి కూర్చుండిన పెండ్లి ప్రయాణములు మీకును జ్ఞప్తి యుండును గదా!

మొదట వెనుకసీటు తొడుగును ఊడబెఱికి పాఱవైచితిని. క్రొత్త రెగ్జిన్ కత్తిరింపబోగా కొలత లేకపోయెను. మూలప్రతి చూడక ప్రతి వ్రాయరాదని గురువులు నాకు నేర్పిరి. ఆ పాఠమును కారు చెంత మఱచితిని.

ముందుసీటు విషయమున జాగ్రత్తపడితిని. కుట్లు మెల్లగా విప్పి, ముక్కలకు అంకెలు వేసి, వానిని రెగ్జినుపై పఱచి గీతలు గీసితిని. స్ప్రింగుల త్రుప్పు గీచి, రంగు పూసి, కొబ్బరిపీచు పఱచి, దర్జీ కుట్టిన తొడుగును బిగించితిని. అది చక్కగా కుదిరినది. వెనుకసీటు నేటికిని ముడుతలతోనే యున్నది.

మనుమలు ఆ ముడుతలేమని యడుగుదురు. తాతగారి తొందరపాటని చెప్పుచుందును. మీ యిండ్లలోని పాత వస్తువులను బాగుచేయునపుడు, క్రొత్తది కుదురువఱకు పాతదానిని పాఱవేయకుడు. చినిగినదైనను అదియే మూలము.