అంతరిక్ష పరిశోధన - జాతీయ లక్ష్యాలు

అంతరిక్ష పరిశోధన ప్రధానంగా ప్రభుత్వాలు ప్రజాధనంతో చేపట్టిన కార్యము. రాకెట్లను, ఉపగ్రహాలను నిర్మించడానికి ఒక దేశం పూనుకొనడం వెనుక రక్షణ, ప్రతిష్ఠ, విజ్ఞానం, వాణిజ్యం, ప్రజాసేవ వంటి ఉద్దేశ్యాలు ఉంటాయి. ఏ ఉద్దేశ్యంతో మొదలైనదో దానిని బట్టి ఆ కార్యక్రమం ఎంతకాలం నిలుస్తుందో, దాని ఫలితం ఎవరికి చేరుతుందో చాలావరకు నిర్ణయమవుతుంది. ఈ వ్యాసంలో ఆ లక్ష్యాలను, వాటికి సంబంధించిన చారిత్రక అనుభవాలను, ఆంధ్రప్రదేశ్ తీరప్రాంతము, కొల్లేరు పరిసరాల ఉదాహరణలతో వివరించడమైనది.

లక్ష్యాలలో రకాలు

రక్షణ: 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్-1 ను కక్ష్యలోకి చేర్చిన రాకెట్టు, ఖండాంతర క్షిపణిగా రూపొందించబడిన ఆర్-7 నుండి వచ్చినదే. అందువలన ఆ చిన్న ఉపగ్రహం అమెరికాలో అంత ఆందోళన కలిగించినది.

ప్రతిష్ఠ: 1961లో అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ దశాబ్దం ముగిసేలోగా మానవుని చంద్రునిపైకి పంపాలని ప్రకటించాడు. సోవియట్ యూనియన్‌తో పోటీయే దీనికి ప్రధాన కారణం.

విజ్ఞానం: గ్రహాలు, సూర్యుడు, విశ్వం గురించిన పరిశోధన ఈ కోవకు చెందుతుంది.

వాణిజ్యం: ఇతర దేశాల ఉపగ్రహాలను రుసుము తీసుకొని ప్రయోగించడం, సమాచార సేవలను విక్రయించడం వంటివి.

ప్రజాసేవ: వాతావరణ సూచన, టెలివిజన్, టెలిఫోను, పంటల అంచనా, జలవనరుల సర్వే మొదలైనవి.

ఆచరణలో ఏ దేశంలోనూ వీటిలో ఒక్కటే కనబడదు. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్కదానికి ప్రాధాన్యత ఉంటుంది.

చరిత్ర పాఠాలు

చైనా నౌకాయాత్రలు: 1405 - 1433 మధ్యకాలంలో మింగ్ చక్రవర్తుల తరఫున నౌకాధిపతి జెంగ్ హే ఏడుసార్లు హిందూ మహాసముద్రంలో పర్యటించాడు. ఆ నౌకాదళం మన దేశపు పశ్చిమతీరంలోని కాలికట్‌కు, ఆఫ్రికా తూర్పుతీరానికి కూడా చేరినది. చక్రవర్తి వైభవాన్ని చాటడం ఈ యాత్రల ముఖ్యోద్దేశ్యాలలో ఒకటి. ఆస్థానంలో అభిప్రాయాలు మారి, వ్యయం భారమై, ఉత్తర సరిహద్దు రక్షణపై దృష్టి మళ్ళగానే ఈ యాత్రలు ఆగిపోయాయి. నౌకలు నిర్మించే నేర్పు ఉన్నప్పటికీ దానిని కొనసాగించే అవసరం పాలకులకు కనిపించలేదు.

అపోలో కార్యక్రమం: 1969 జూలై 20న అమెరికా వ్యోమగాములు చంద్రునిపై దిగారు. 1966 ప్రాంతంలో నాసాకు అమెరికా కేంద్ర వ్యయంలో 4 శాతానికి పైగా లభించినది. పోటీలో గెలుపు ఖాయమైన తరువాత కేటాయింపులు తగ్గాయి. తలపెట్టిన చివరి మూడు యాత్రలు రద్దయ్యాయి. 1972 డిసెంబరులో అపోలో-17 తరువాత ఆ శతాబ్దంలో మరెవ్వరూ చంద్రునిపై దిగలేదు.

గోదావరి ఆనకట్ట: 1832-33 నాటి నందన కరువు తీరాంధ్రను తీవ్రంగా దెబ్బతీసినది. ఆ తరువాతి కాలంలో ఆర్థర్ కాటన్ ప్రతిపాదనపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభమై 1852లో పూర్తయినది. ఈస్టిండియా కంపెనీకి భూమిశిస్తు పెంచుకోవడం కూడా ముఖ్యమే. కాని ప్రతి ఏటా సాగునీరు అవసరమే గనుక పాలకులు మారినా ఆ వ్యవస్థ నిలిచినది. కాలువలు విస్తరించాయి, ఆనకట్ట స్థానంలో బారేజి వచ్చినది.

తాడేపల్లిగూడెం రన్‌వే: రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తాడేపల్లిగూడెంలో యుద్ధ విమానాల కొరకు రన్‌వే నిర్మించారు. యుద్ధం ముగియడంతో దాని అవసరం తీరిపోయి వాడుకలో లేకుండా పోయినది.

ఈ నాలుగు ఉదాహరణలను పోల్చి చూచినచో, ఒక్క సంఘటనతో తీరిపోయే లక్ష్యంపై ఆధారపడిన కార్యం ఆ సంఘటనతోనే ముగుస్తుందని, ఏటేటా మరల ఎదురయ్యే అవసరంపై ఆధారపడినది తరతరాలు నిలుస్తుందని తెలుస్తున్నది.

భారతదేశం ఎన్నుకొన్న మార్గం

భారత అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రం సారాభాయ్ ఈ విషయంలో స్పష్టమైన అభిప్రాయం కలిగియున్నాడు. చంద్రయాత్రలలో ధనిక దేశాలతో పోటీపడే ఆలోచన తమకు లేదని, అయితే ఆధునిక సాంకేతికతను సమాజ సమస్యలకు ఉపయోగించడంలో ఎవరికీ తీసిపోరాదని ఆయన వాదన. 1962లో ఆయన నాయకత్వంలో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడినది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి మొదటి రాకెట్టు ఎగిరినది. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడినది.

1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలు టెలివిజన్ ద్వారా చేరాయి. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సొంత సమాచార ఉపగ్రహం లేకముందే దాని ప్రయోజనాన్ని గ్రామాలలో పరీక్షించి చూడడం ఈ ప్రయోగ విశేషం.

శ్రీహరికోట

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట ద్వీపాన్ని 1969లో ప్రయోగ కేంద్రం కొరకు ఎంపిక చేశారు. తూర్పున విశాలమైన సముద్రం ఉండడం, భూమధ్యరేఖకు కొంత దగ్గరగా ఉండడం దీనికి అనుకూలించిన అంశాలు. తూర్పు దిశగా ప్రయోగించిన రాకెట్టుకు భూభ్రమణ వేగం తోడ్పడుతుంది. 1971 అక్టోబరులో ఇక్కడి నుండి మొదటి రాకెట్టును ప్రయోగించారు. 1980 జూలై 18న ఎస్ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చినది. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. ఇది 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరపు పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరినది.

ఈ ద్వీపపు అడవులలో అనాదిగా యానాదులు నివసించేవారు. వేట, చేపలు పట్టడం, అటవీ ఉత్పత్తుల సేకరణ వారి జీవనాధారం. కేంద్రం ఏర్పాటుతో వారు తమ స్థలాలను విడిచి వేరే జీవనానికి మారవలసివచ్చినది. జాతీయ లక్ష్యానికి అయ్యే ఖర్చును లెక్కించునపుడు ఇటువంటి నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకొనవలసి ఉంటుంది.

తీరాంధ్ర - తుఫాను హెచ్చరికలు

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. అప్పటికి భారతదేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్సాట్-1బి ప్రయోగించిన తరువాత తుఫానుల కదలికను ఆకాశం నుండి నిరంతరం గమనించడం, తీరగ్రామాలకు ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపడం సాధ్యమైనది. 1990 మే నెలలో ఇంచుమించు అంతే తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటినపుడు, లక్షకు పైగా ప్రజలను ముందుగా తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపుగా ఉన్నది.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను దీనికి భిన్నమైన పాఠం నేర్పినది. చిన్నదైనా అతివేగంగా బలపడిన ఆ తుఫాను వలన వెయ్యిమందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. వారిలో సముద్రంపై ఉన్న మత్స్యకారులు అనేకులు. హెచ్చరిక పడవలోనున్న మనిషికి సకాలంలో చేరనిచో ఉపగ్రహం చూచిన దాని వలన అతనికి ప్రయోజనం లేదు.

కొల్లేరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సు, 2022 పునర్విభజనలో అధికభాగం ఏలూరు జిల్లాలో చేరినది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, అనేక మురుగు కాలువలు దీనిలో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా ఈ నీరు సముద్రానికి పోతుంది. సరస్సు కుదించుకుపోయిన కొద్దీ వరదనీరు నిలిచే చోటు తగ్గి పరిసర గ్రామాలకు, పొలాలకు ముంపు పెరుగుతుంది.

సరస్సులో చేపల చెరువులు ఎంతమేర వ్యాపించాయన్నది ఏళ్ళ తరబడి వివాదంగా ఉండేది. 1997 సెప్టెంబరు 29న శ్రీహరికోట నుండి పిఎస్ఎల్‌వి ద్వారా ప్రయోగించిన ఐఆర్ఎస్-1డి ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వ్యాసం ప్రచురించారు. సరస్సు విస్తీర్ణంగా పరిగణించిన 245 చ.కి.మీ.లో సుమారు 42 శాతం చేపల చెరువులుగా మారినట్లు వారు తేల్చారు. నేలపై గట్లు అడ్డుగా ఉండి ఒక్కచూపుకు అందని విషయం, ఆకాశం నుండి తీసిన చిత్రంలో స్పష్టమైనది.

1999లోనే 308 చ.కి.మీ. ప్రాంతాన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లను తొలగించారు. అనేక లంక గ్రామాల ప్రజల జీవనోపాధి దీనితో ముడిపడి ఉన్నందున నిరసనలు వచ్చాయి. 2008లో సంరక్షణ పరిధిని ఐదవ కాంటూరు నుండి మూడవ కాంటూరుకు తగ్గించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. ఉపగ్రహ చిత్రం ఆక్రమణ ఎంతో చెప్పగలదు. ఎవరికి పరిహారం ఇవ్వాలి, పెద్ద చెరువుల యజమానిని, చిన్న మత్స్యకారుని ఒకే విధంగా చూడవచ్చునా అన్నవి ప్రజలు, పాలకులు తేల్చవలసిన ప్రశ్నలు.

స్వావలంబన

1991లో భారతదేశం క్రయోజెనిక్ రాకెట్ సాంకేతికత కొరకు రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకొన్నది. క్షిపణి సాంకేతికత వ్యాప్తి చెందుతుందన్న కారణంతో అమెరికా 1992లో ఆంక్షలు విధించినది. 1993లో సాంకేతికత బదిలీని రష్యా నిలిపివేసినది. పూర్తయిన ఇంజన్లు లభించినా వాటిని తయారుచేసే విధానం లభించలేదు. సొంత క్రయోజెనిక్ దశతో జిఎస్ఎల్‌వి 2014 జనవరి 5న విజయవంతమైనది. ఇతరులపై ఆధారపడిన సేవ వారి విధానం మారినపుడు ఆగిపోవచ్చునన్న అనుభవం స్వావలంబనను కూడా ఒక జాతీయ లక్ష్యంగా మార్చినది.

మారుతున్న లక్ష్యాలు

2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్ ప్రయోగాలతో భారతదేశం గ్రహాంతర పరిశోధనలోకి ప్రవేశించినది. 2019 మార్చి 27న జరిగిన ఉపగ్రహ విధ్వంసక క్షిపణి పరీక్ష రక్షణ లక్ష్యాన్ని బహిరంగపరచినది. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ శ్రీహరికోట నుండి విక్రమ్-ఎస్ రాకెట్టును ప్రయోగించడంతో ప్రైవేటు రంగం ఈ క్షేత్రంలో అడుగుపెట్టినది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ సమీపంలో దిగినది. దీనికి సుమారు 615 కోట్ల రూపాయలు ఖర్చయినది.

పేదరికం ఉన్న దేశానికి ఇటువంటి ఖర్చు తగునా అన్న ప్రశ్న తరచు వినబడుతుంది. సమర్థకులు దీని వలన కలిగే సాంకేతిక నైపుణ్యాన్ని, యువతలో కలిగే ఉత్సాహాన్ని చూపుతారు. విమర్శకులు పాఠశాలల, ఆసుపత్రుల కొరతను చూపుతారు. చంద్రయాత్ర ప్రతిష్ఠను, తుఫాను హెచ్చరిక ప్రయోజనాన్ని ఒకే పద్దులో కలిపి లెక్కించక, ప్రతి ప్రయోగాన్ని దాని ఉద్దేశ్యంతోనే కొలిచినపుడు ఈ చర్చకు స్పష్టత వస్తుంది. తీరగ్రామంలో గాని, కొల్లేటి లంకలో గాని ఉన్న కుటుంబానికి సంబంధించినంతవరకు ఆ కొలత సులభమైనదే: హెచ్చరిక సకాలంలో అందినదా, వరదనీటికి దారి మిగిలినదా అన్నది.

ఇవి కూడా చూడండి

* ఇస్రో
* విక్రం సారాభాయ్
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం
* కొల్లేరు సరస్సు
* దివిసీమ ఉప్పెన
* ధవళేశ్వరం ఆనకట్ట