ఇద్దరు పాదిరులు, ఒక అల్లిక యంత్రము

కూచిపూడి పేరు చెప్పగానే లోకమునకు నాట్యము జ్ఞాపకము వచ్చును. బందరు అనగా కలంకారీ అద్దకము, లడ్డు జ్ఞాపకము వచ్చును. ఉన్ని టోపీ మాట ఎవరికిని తోచదు. ఉక్కపోతకు పేరుపడిన ఈ కృష్ణా దిగువ సీమలో ఊలుతో పనియేమని అడుగువారుందురు. వారు డిసెంబరు మాసమున తెల్లవారుజామున లేచి మన ఊళ్లను చూడవలెను. కోతలైన చేలమీద మంచు దిగియుండును. క్రిస్మసు పాటలు పాడుచు ఇంటింటికి తిరుగు యౌవనస్థులు, పాలక్యాను సైకిలుకు కట్టుకొనిపోవు రైతు, బాలింత ఒడిలోని శిశువు, అరుగుమీది తాతగారు, అందరి తలలమీదను టోపీయే. మంకీ క్యాపులని మనము పిలుచుకొను ఆ టోపీలు చాలవరకు బజారులో కొన్నవే. వాటిని మనమే ఎందుకు అల్లుకొనరాదని మా స్త్రీల మైత్రిలో మాట పుట్టినది. చేతితో నడుపు అల్లిక యంత్రము మీద నేర్చుకొందమని కొందరనిరి. సూదులతో అల్లుటలో ఆరితేరిన ఒక పెద్దామె మాత్రము, "అయ్యగారూ, మేము వారము రోజులు అల్లినది అది ఒక్కపూటలో అల్లితే మా చేతిపనికి విలువేముంటుంది?" అని అడిగెను. ఆ ప్రశ్న చాల పాతది. నాలుగు వందల ఏండ్ల క్రిందట ఒక రాణియు అదే అడిగెనని చెప్పుదురు.

ముందు టోపీ సంగతి. ఇంగ్లాండులో ఎలిజబెత్ రాణి కాలమున 1571లో ఒక చట్టము చేసిరి. ఆరేండ్లు దాటినవారు ఆదివారములలోను పండుగ దినములలోను ఆ దేశమందే అల్లిన ఉన్ని టోపీ ధరింపవలెను. ధరింపనివారికి దినమునకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు జరిమానా. ప్రభువులకును గొప్పింటి స్త్రీలకును మినహాయింపు ఉండెను. టోపీలు అల్లి బ్రతుకు పేదల జీవనము నిలుపుటకే ఈ చట్టము. ఆదివారము గుడికి రానివారికి జరిమానా వేసిన ఆ ప్రభుత్వము టోపీ లేనివారిని కూడ విడువలేదన్నమాట! అయినను జనులు లెక్కచేయలేదు. 1597లో చట్టమును రద్దుచేసిరి.

ఆ రాణి కాలముననే, 1589లో, నాటింగ్‌హాం సీమలోని కాల్వర్టన్ గ్రామమున విలియం లీ అను పాదిరి మేజోళ్లు అల్లు యంత్రమును కనిపెట్టెను. తాను ప్రేమించిన కన్య తనవైపు చూడక అల్లికలోనే మునిగియుండుటచేత ఆ ఆలోచన పుట్టెనని ఒక కట్టుకథ కలదు. నేను దానిని నమ్మను గాని, చెప్పుకొనుటకు బాగుండును. లీ తన యంత్రమునకు హక్కు పత్రము కోరగా రాణి నిరాకరించెను. చేతితో అల్లుకొను పేదల నోటికూడు పోవునని ఆమె జంకెనందురు. లీ ఫ్రాన్సు దేశమునకు పోయి నాలుగవ హెన్రీ రాజు ఆశ్రయము పొందెను. 1610లో ఆ రాజు హత్యకు గురియగుటతో ఆశలుడిగి, 1614 ప్రాంతమున పరదేశమందే మరణించెను. అతని సహోదరుడు జేమ్సు యంత్రములతో స్వదేశమునకు తిరిగివచ్చి ఆ పనిని నిలబెట్టెను.

రెండవ పాదిరి అమెరికా దేశస్థుడు, బాప్తిస్టు సంఘమువాడు, ఐజక్ లాంబ్. 1847లో లెస్టరు పట్టణపు మాథ్యూ టౌన్‌సెండ్ కొక్కెమునకు చిన్న నాలుకగల సూదిని కనిపెట్టియుండెను. ఆ సూదులను వరుసగా పేర్చి, చేతితో నడుపు బల్లపరుపు యంత్రమును 1863లో లాంబ్ తయారుచేసెను. నేడు ఇండ్లలో వాడు అల్లిక యంత్రములలో కూడ ఆ నాలుక సూదియే.

ఇక నేర్చుకొనుట. మొదటి పాఠముగా టోపీని ఎన్నుకొనుటకు కారణమున్నది. దానికి చేతులు లేవు, మెడ లేదు, తిన్నని ముక్క చాలును. మామూలు యంత్రములో రెండు వందల సూదులుండును. సన్నని ఊలుతో పది సెంటీమీటర్లకు ఇరువదియెనిమిది కుట్లు పడినయెడల, ఏబది సెంటీమీటర్ల చుట్టుకొలతకు నూట నలుబది కుట్లు కావలెను. అల్లిక సాగును గనుక తలకంటె కొంచెము తక్కువ కొలతయే మేలు. కుట్లు ఎక్కించి, దువ్వెన తగిలించి, బరువులు వ్రేలాడదీసి, క్యారేజిని ఈ చివరనుండి ఆ చివరకు నడిపినచో ఒక వరుస. అట్టివి నూరు వరుసలు. పైభాగమున కుట్లను జతచేసి సగమునకు తగ్గించి, దారమును వాటన్నిటిలోనుండి పోనిచ్చి సంచిమూతివలె బిగించి, ప్రక్కను కుట్టవలెను. బరువు సరిగా లేనిచో కుట్లు జారును. అదియే క్రొత్తవారిని ఏడిపించు పని. సూదులతో అల్లినవారికి కుట్టు స్వభావము ముందే తెలిసియుండును గనుక, ఆ పెద్దామె అందరికంటె త్వరగా నేర్చుకొనునని నా నమ్మకము.

అయితే ఆమె భయము ఊరక పుట్టినది కాదు. నాటింగ్‌హాం సీమలో తరువాతి కాలమున యంత్రములు యజమానుల చేతిలో చేరినవి. అల్లువారు తమ ఇండ్లలోనే కూర్చుండి అల్లి, ఆ యంత్రములకు అద్దె కట్టవలసివచ్చెను. కూలి తగ్గినను అద్దె తగ్గలేదు. 1811లో వారు యంత్రములనే పగులగొట్టిరి. 1812లో ప్రభుత్వము అట్టివారికి మరణశిక్ష విధించు చట్టము చేసెను.

మన ప్రక్కనే మరియొక ఉదాహరణము కలదు. నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో పందొమ్మిదవ శతాబ్దమున మిషనెరీ దొరసానులు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. 1841లో నోబుల్, ఫాక్సు దొరలు బందరులో అడుగుపెట్టిన నాటినుండి మన పాఠశాలల చరిత్ర వ్రాసినవారు అనేకులున్నారు గాని, ఈ దొరసానుల పని గురించి వ్రాసినవారు తక్కువ. ఆ లేసు ఇతర కులముల గృహిణులకును ప్రాకి, సముద్రములు దాటి అమ్ముడుపోయినది. జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ఆ స్త్రీలను గూర్చి పుస్తకము ప్రచురించెను. దినమంతయు అల్లినవారిని తీరికవేళ అల్లుకొను గృహిణులుగా ఎంచి స్వల్పమైన కూలి ఇచ్చిరనియు, లాభము వర్తకులకును ఎగుమతిదారులకును చేరెననియు ఆమె చూపెను. అక్కడ యంత్రము లేదు. కుట్టుకొక్కెము ఒక్కటే. అయినను జరిగినది నాటింగ్‌హాంలో జరిగినదే. కావున నష్టము సూదివలననా యంత్రమువలననా అను వాదము నాకు పొసగదు. ముడిసరకు ఎవరు ఇచ్చుచున్నారు, ధర ఎవరు కట్టుచున్నారు అని అడుగవలెను.

మా మైత్రిలో ఇంతవరకు ఒప్పుకొన్నది ఇది: యంత్రము మైత్రి పేరున ఉండవలెను, దానికి అద్దె పుచ్చుకొనరాదు, లెక్కపుస్తకము అల్లినవారే వ్రాయవలెను. పాస్టరు దానిని చూడవచ్చును గాని ఉంచుకొనరాదని వారే తీర్మానించిరి. ఊలు గుడివాడలో కొనవలెనా, విజయవాడకు పోవలెనా అనుదానిపై వాదము ఇంకను నడుచుచున్నది.