తుపాకిమందు బంతి

మిస్సిసాగాలో మా తొమ్మిదేళ్ళవాడికి బేస్‌బాల్ బ్యాటింగ్ సాధనకి ఏం కొనాలా అని కొట్టుకెళ్ళాం. బంతులు విసిరే యంత్రం చూడగానే వాడు నా వెనక నక్కాడు. పోయిన నెల మోచేతికి తగిలిన బంతిని వాడింకా మరిచిపోలేదు మరి!

ఆ యంత్రం చరిత్రలోనే భయముంది. 1897లో అమెరికాలో, ప్రిన్‌స్టన్ లెక్కల మేష్టారు చార్లెస్ హింటన్ చేసిన యంత్రం తుపాకిమందుతో బంతిని పేల్చేది. కుర్రాళ్ళకి దెబ్బలు తగిలాయి. మేష్టారి ఉద్యోగం పోవడానికి అదీ ఒక కారణమంటారు.

మనకి తెలిసిన బ్రాడ్‌మన్‌కో? చిన్నప్పుడు బౌరల్‌లో ఇంటివెనక నీళ్ళ ట్యాంకు దిమ్మకి గోల్ఫ్ బంతి విసిరి, తిరిగొచ్చేదాన్ని వికెట్ పుల్లతో కొట్టేవాడు. ఖర్చు సున్నా.

చివరికి బంతిని నిలబెట్టే రబ్బరు గొట్టం కొన్నాను. టీ అంటారు, తాగేది కాదు లెండి. బంతి మీదకి రాదు. నిన్న గరాజ్ ముందు వరసగా నలభై కొట్టి, "నాన్నా, ఇప్పుడు నువ్వు విసురు, మెల్లగా" అన్నాడు.